కింద ఊరి పేరు పడే ఫొటో

అంగన్‌వాడీలో పనిచేసేవాళ్ళకి ఫొటో ఒక జబ్బు. గుడ్డు పెడితే ఫొటో, పాలు పోస్తే ఫొటో, పిల్లని తూకం వేస్తే ఫొటో. ఫొటో లేకపోతే ఆ గుడ్డు ఎవరూ తిననట్టే. అది కూడా మామూలు ఫొటో పనికిరాదు. కింద ఊరి పేరు, మండలం, తేదీ, టైము, పక్కన బొటనవేలంత మ్యాపు, ఇవన్నీ అచ్చుపడే కెమెరా ఒకటి మా అందరి ఫోన్లలో ఎక్కించారు. మొదట్లో చిరాకు పడేదాన్ని. తర్వాత చెయ్యి దానికే అలవాటు పడిపోయింది. మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షనులో నేను తీసిన ఫొటోలన్నిటి కిందా ఊరూ మండలమూ ఉన్నాయి. మా ఆయన అవి చూసి, మన పెళ్ళినాటికి ఈ కెమెరా లేదు, సాక్ష్యం లేకుండా బతికిపోయాం అన్నాడు.

ఇప్పుడు చెప్పేది అలా తీసిన ఒక ఫొటో గురించే. రాయడానికి కూర్చున్నప్పుడు ఏడుపు వస్తుందేమో అనుకున్నాను గానీ రావడం లేదు. ఏడాదిన్నరగా నాకు ఏదీ పూర్తిగా రావడం లేదు. మా ఇంటివైపు ఆడవాళ్ళందరికీ కోపం ఎక్కువ, నాకు మరీను. ఆ కోపం కూడా ఇప్పుడు గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది.

మాది మామిడికుదురు దగ్గర ఊరు. మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఒకావిడ ఉంటారు. మా అమ్మా ఆవిడా ఒకే ఊడ్పుల జట్టులో పాతికేళ్ళు పనిచేశారు. మేం గుడికి వెళ్ళేవాళ్ళం, వాళ్ళు చర్చికి వెళ్ళేవాళ్ళు, మధ్యాహ్నం గట్టు మీద క్యారేజీలు మాత్రం పక్కపక్కనే విప్పేవారు. అమ్మ ఆవిడని వదినా అనేది, అంచేత మాకు అత్తయ్యగారు. వాళ్ళమ్మాయిని చదివించుకున్నారు, ఆ అమ్మాయి కాకినాడలో టీచరు. భర్త పోయాక, నడుం వంగక పొలం పని మానేసి, ఆవిడ పచ్చళ్ళ వ్యాపారం మొదలుపెట్టారు. ఇంటి పక్కన రేకుల షెడ్డు, షెడ్డు నిండా జాడీలు, గుమ్మం పైన పచ్చళ్ళు అమ్మబడును అని చిన్న బోర్డు, బోర్డు మీద ఒక మూల శిలువ గుర్తు.

ఆ జాడీల్లో చేరనిది ఒకటి ఆవిడ వంటింట్లో విడిగా ఉండేది. అది మా అమ్మ జాడీ. పైన గోధుమరంగు, కింద తెలుపు, మూతి దగ్గర చిన్న పెచ్చు ఊడి ఉంటుంది. తమ్ముడు చిన్నప్పుడు ఇంట్లో బంతి విసిరితే తగిలి ఊడిన పెచ్చు అది. ఆ రోజు అమ్మ వాణ్ణి కొబ్బరిమట్టతో వీధి చివరిదాకా తరిమింది. అమ్మ పోయేముందు ఆ జాడీ నాకివ్వలేదు, ఆవిడకిచ్చింది. న్యాయమే. నా చెయ్యి పడితే ఆవకాయ నెల తిరక్కుండా బూజు పడుతుంది. అమ్మ పాళ్ళన్నీ నేర్చుకున్నది ఆవిడే.

తమ్ముడు గల్ఫులో ఏసీలు బిగించే పనికి వెళ్ళి పదకొండేళ్ళయింది. అమ్మ పోయినప్పుడు వాడికి సెలవు దొరకలేదు. కార్యక్రమమంతా వీడియో కాల్లో చూశాడు. ఆ వేసవిలో అత్తయ్యగారు కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు తెప్పించి, అమ్మ జాడీలో విడిగా ఆవకాయ కలిపి, సీసాలో పెట్టి నాకిచ్చారు. తమ్ముడికి పంపమన్నారు. మా ఊళ్ళో ఎవరైనా గల్ఫు వెళ్తున్నారంటే ముందురోజు సాయంత్రం అందరం పొట్లాలు పట్టుకుని వాళ్ళింటికి చేరతాం. ఇంటికి కిలో చొప్పున కాటా మీద తూచి, టేపు చుట్టి, స్కెచ్ పెన్నుతో పేరు రాసి పెట్టెలో సర్దుతారు. నేను సీసా మీద తమ్ముడి పేరు రాసి, కింద అక్క అని రాశాను. అలవాటుగా రాశాను, అంతే.

అది అందాక వాడు ఫోను చేశాడు. అమ్మ చెయ్యి నీకొచ్చేసింది అక్కా అన్నాడు. అది నేను కలిపింది కాదు అని చెప్పడానికి నోరు రాలేదు. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు బాగుంది కూడా. జన్మలో ఒక్కసారి నా ఆవకాయని ఎవరో మెచ్చుకున్నారు. మర్నాడు అత్తయ్యగారితో, తమ్ముడికి చాలా నచ్చిందండి అని చెప్పాను. ఆవిడ సంతోషించారు. ఇద్దరిలో ఎవరికీ అబద్ధం చెప్పినట్టు అనిపించలేదు అప్పుడు.

రెండో వేసవి వచ్చేసరికి తమ్ముడు మారాడు. ఎప్పుడు మారాడని అడిగితే తేదీ చెప్పలేను. మా ఇల్లు అని ఏడుగురం ఉన్న వాట్సాప్ గ్రూపు ఒకటి ఉంది. అందులో వాడు మొదట్లో శుక్రవారం వండుకున్న చికెన్ ఫొటోలు పెట్టేవాడు. తర్వాత పొద్దున్నే దేవుడి బొమ్మలు పెట్టేవాడు, సరే మంచిదే అనుకున్నాం. తర్వాత వీడియోలు. మనం నిద్రపోతున్నామని, వాళ్ళు మనల్ని మింగేస్తున్నారని, మేలుకోమని ఎవరో గొంతు చించుకుని చెప్పే వీడియోలు. అసలు ఆ వీడియోల్లో వాళ్ళు అంటే ఎవరో వారానికొకలా మారేది. కొన్నాళ్ళు ఒక మతం, కొన్నాళ్ళు ఇంకొకటి. మనం మాత్రం మారేవాళ్ళం కాదు, ఎప్పుడూ మునిగిపోతూనే ఉండేవాళ్ళం.

ఒక శుక్రవారం వాడే గొప్పగా చెప్పాడు, పెద్ద గ్రూపు ఒకదానికి తనని అడ్మిన్ చేశారట. వేలమంది ఉంటారట. అందరూ అన్నా అంటారట. వాడి రూములో ఆరుగురు, రెండంచెల మంచాలు, వాడిది పైమంచం. సైటులో హెల్మెట్ మీద అంకె వేసి ఆ అంకెతోనే పిలుస్తారని ఇదివరకే చెప్పాడు. అలాంటివాణ్ణి వేలమంది అన్నా అంటున్నారంటే వాడికి ఎలా ఉండి ఉంటుందో నాకు అర్థమైంది. అర్థమైంది కాబట్టే ఏమీ అనలేదేమో. మా ఆయన మాత్రం ఆ వీడియోలు తెరవకుండానే చెరిపేసేవాడు. నేను తెరిచేదాన్ని.

తెరిచి చూడటం వల్ల నాకేమైందో కూడా చెప్పాలి. మొదటిసారి ఒక మనిషిని చెట్టుకి కట్టి కొడుతున్న వీడియో చూసి ఆ పూట అన్నం తినలేదు. నాలుగైదు నెలలయ్యాక అలాంటిదే ఇంకొకటి ఉప్మా కలుపుతూ చూశాను. గరిటె ఆగలేదు. పోపులో ఇంగువ వేయడం మర్చిపోయానని మాత్రం గుర్తొచ్చింది. అదొక్కటే నన్ను నేను ఉన్నదున్నట్టు చూసుకున్న సందర్భం. అప్పుడైనా ఫోను పక్కన పెట్టలేదు.

ఆ వేసవి కూడా ఆవకాయ సీసా వెళ్ళింది. అప్పటికి వాడు వాళ్ళ చేతి నీళ్ళు కూడా తాగకూడదు అనే మాటలు పెడుతున్నాడు. చెప్తే సీసా పారేస్తాడేమోనని భయపడ్డాను. అమ్మ రుచి నోటిదాకా వచ్చాక పారేయడం వాడికే నష్టం అనుకున్నాను. మూడో వేసవికి చెప్పడం ఇంకా కష్టమైంది. సీసా మీద అక్క అనే రాశాను. అంటే వాడు మూడేళ్ళు ఆ చేతి ఆవకాయతో అన్నం కలుపుకుని తింటూ, మిగిలిన చేత్తో ఆ చెయ్యి ముట్టుకున్నది తినొద్దని లోకానికి రాశాడు. నేను ఇక్కడ కూర్చుని రెండూ చూశాను.

నాలుగో వేసవిలో, వాడికి సీసా ఇంకా పంపకముందే, ఆ ఫొటో తీశాను. అత్తయ్యగారు షెడ్డులో ఆవకాయ మూడో రోజు తిరగకలుపుతున్నారు. ఎర్రగా నూనె తేలిన జాడీలు వరసగా ఉన్నాయి, మోచేతి దాకా కారంతో ఆవిడ కూర్చున్నారు, పైన శిలువ గుర్తున్న బోర్డు కూడా ఫొటోలో పడేలా ఉంది. చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఫోను తీసి నొక్కాను. కింద ఊరు, మండలం, తేదీ, టైము, మ్యాపు. అక్కడే నిలబడి మా ఇల్లు గ్రూపులో పెట్టి, తెర ఆవిడకి చూపించి, మీ జాడీలు గల్ఫు వెళ్ళిపోయాయండీ అన్నాను. ఆవిడ కళ్ళజోడు ఎత్తి చూసి, జుట్టు రేగిపోయి ఉంది, మంచిది తీయవలసింది అన్నారు.

రెండు రోజుల తర్వాత తమ్ముడు ఆ ఫొటోనే మళ్ళీ మాకు పెట్టాడు. దాని మీద వాడు ఒక్క వాక్యం రాశాడు. మా ఊళ్ళోనూ మొదలెట్టేరు, చూడండి. అంతే. వాడి పెద్ద గ్రూపులో పెట్టాడట, ఎంతమంది చూశారో చూడు అక్కా అని సంబరం. వెంటనే ఫోను చేశాను. ఆవిడ అత్తయ్యగారురా అన్నాను. అత్తయ్యగారిని నేనేం అనలేదు, పేరు రాయలేదు కదా, ఉదాహరణకి పెట్టేను అన్నాడు. తీసెయ్యమన్నాను. అక్క అడిగింది కదాని తీసేశాడు. తీసేసినట్టు నాకు ఫొటో కూడా పంపాడు. అప్పటికి అది వాడి చేతిలో లేదన్న సంగతి వాడికీ తెలీదు, నాకూ తెలీదు.

పది రోజుల తర్వాత అదే ఫొటో మా అంగన్‌వాడీ ఆయాకి వాళ్ళ చుట్టాల గ్రూపులోంచి వచ్చింది. తమ్ముడు రాసిన వాక్యం లేదు. దాని బదులు పెద్ద వ్యాసం ఉంది. ఈ పచ్చళ్ళలో ఏదో కలుపుతున్నారని, తిన్నవాళ్ళ మనసు మారిపోతుందని, ఈ షెడ్డులోకి ఆడపిల్లల్ని తీసుకెళ్ళి మతం మారుస్తున్నారని. ఆయా పెదవి విరిచి, పచ్చడి తింటే మనసు మారేటట్టయితే మా ఆయనకి ఎప్పుడో మారాలండి, రోజూ తింటాడు అంది. ఇద్దరం నవ్వుకున్నాం. మా ఊళ్ళో అది నమ్మినవాళ్ళు ఎవరూ లేరు. నమ్మనక్కర్లేదు కూడా. నమ్మేవాళ్ళు వేరే ఊళ్ళలో ఉన్నారు, వాళ్ళకి దారి ఫొటో కిందే ఉంది.

వాళ్ళు జూన్ నెలలో ఒక మధ్యాహ్నం వచ్చారు. నాలుగు బళ్ళు, ఎనిమిదిమంది. అప్పనపల్లి వెళ్ళే భక్తులు దారి తప్పారనుకున్నారట సెంటర్లో వాళ్ళు. అంగన్‌వాడీలో పిల్లలు నిద్రపోతున్నారు. జాడీలు పగిలే చప్పుడు నాకు వినపడింది. మొదటి జాడీకి ఏదో జారిపడింది అనుకున్నాను. మూడో జాడీకి తెలిసింది. గేటు దాకా వెళ్ళాను. వెళ్ళి, పిల్లల్ని వదిలి ఎలా వెళ్తాను అనుకుని ఆగాను. ఆయా ఉంది లోపల. అయినా ఆగాను. పధ్నాలుగుమంది పిల్లలున్నారు, రెండుసార్లు లెక్కపెట్టాను.

కారం గాలికి ఎక్కువసేపు నిలబడలేకపోయారు వాళ్ళు. దగ్గుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ బళ్ళెక్కారు. నేను వెళ్ళేసరికి ఆవిడ షెడ్డు మెట్టు మీద కూర్చుని ఉన్నారు. నేలంతా నూనే, ముక్కలూ, పెంకులూ. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఎడమ చేత్తో పట్టుకున్నారు. మణికట్టు ఉండవలసినట్టు లేదు. జాడీకి అడ్డం పెట్టారట. చుట్టూ చేరినవాళ్ళందరూ దగ్గుతున్నారు. ఆవిడ నన్ను చూసి, కాళ్ళకి పెంకులు గుచ్చుకుంటాయి, చెప్పులు విప్పకమ్మా అన్నారు.

వాళ్ళే తీసిన వీడియో సాయంత్రానికి నా ఫోనుకి మూడు వైపులనుంచి వచ్చింది. మర్నాటి నుంచి రెండు రోజులు మా వైపు నెట్ ఆపేశారు. ఆ రెండు రోజులూ ఊరు వింతగా ఉంది. జనం అరుగుల మీద కూర్చుని ఒకళ్ళనొకళ్ళు ఏం జరిగిందని అడిగి తెలుసుకున్నారు. అత్తయ్యగారింటికి కూరలు, అన్నం పట్టుకెళ్ళారు. రాజోలు ఆసుపత్రికి ఆవిడని తీసుకెళ్ళిన ఆటో అబ్బాయి నుదుట పెద్ద కుంకుమబొట్టు. ఇవేవీ ఎవరూ వీడియో తీయలేదు.

నెట్ లేదు కాబట్టి తమ్ముడు మామూలు కాల్ చేశాడు. ఏడాదిలో అదే మొదటిసారి.

"అక్కా, మీరంతా బాగున్నారా? మన వైపే ఎక్కడో మనవాళ్ళావిడ కొట్టు మీద వాళ్ళు పడ్డారంట. పచ్చళ్ళ జాడీలన్నీ పగలగొట్టేసేరు. ముసలావిడ అక్కా, చెయ్యి విరిచేసేరు. వీడియో చూసి అన్నం తినలేకపోయేను."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. వీడియో అదే. అందులో కాళ్ళు, పెంకులు, నేల మీద ఎర్రగా నూనె, వీపు తిప్పి కూర్చున్న ఒక తెల్లచీర. బోర్డు పడలేదు. నెట్ ఉన్న చోట ఎవరో దాన్ని తిరగేశారు. మన మతం ఆవిడ కొట్టు మీద వాళ్ళు పడ్డారని రాసి వదిలారు. వాడు దాన్ని ఎంతమందికి పంపి ఉంటాడో నేను అడగలేదు. వాడు నిజంగా ఏడుస్తున్నాడు. ఆ చీర వాడికి తెలీదు. చిన్నప్పుడు ఆ కొంగుతో ముక్కు తుడిపించుకున్నాడు, అయినా తెలీదు.

అప్పుడు చెప్పాలి. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దేవుడు కూడా ఇవ్వలేడు. మేం బాగానే ఉన్నాం, నువ్వు అన్నం తిను అన్నాను. ఫోను పెట్టేశాక నా మీద నాకు అసహ్యం వేస్తుందేమో అని కాసేపు చూశాను. ఏమీ వేయలేదు. వెళ్ళి బియ్యం కడిగాను.

నాలుగో రోజున ఎస్సైగారు అత్తయ్యగారింటికి వచ్చి నన్ను పిలిపించారు. ఆ ఫొటో కింద పడినటువంటి ముద్ర అంగన్‌వాడీ వాళ్ళు, సచివాలయం వాళ్ళు తీసే ఫొటోల మీదే ఉంటుందని ఆయనకి తెలుసు. ఆవిడ మంచం మీద కట్టుతో కూర్చుని ఉన్నారు. ఎస్సైగారు మర్యాదగానే, ఈ ఫొటో మీరు తీసిందేనాండి, ఎవరికి పంపేరు అని అడిగారు. తీసింది నేనే అన్నాను. ఎవరికి అన్న దగ్గర లోపల లెక్క వేసుకున్నాను. ఏడుగురి పేర్లు చెప్తే అందులో వాడి పేరుంది. కేసులో పేరెక్కితే వాడు సెలవుకి వచ్చినప్పుడు తిరిగి వెళ్ళలేడు. వాడికి ఇద్దరు ఆడపిల్లలు, రాజోలులో అత్తారింట్లో ఉన్నారు.

స్టేటస్ పెట్టానండి, అందరూ చూసి ఉంటారు అన్నాను.

నేను జన్మలో స్టేటస్ పెట్టలేదు. ఎలా పెట్టాలో కూడా తెలీదు. ఆ సంగతి ఆ గదిలో ఒక్క మనిషికి తెలుసు. తెర చూపించి, మీ జాడీలు గల్ఫు వెళ్ళిపోయాయండీ అన్నది ఆవిడతోనే. ఎస్సైగారు ఆవిడ వైపు తిరిగి, అంతేనాండి అని అడిగారు. ఆవిడ నన్ను చూడలేదు. కట్టు మీద వేలాడుతున్న దారం ఎడమ చేత్తో సర్దుకున్నారు.

"ఆయ్. అందరూ చూసేరండి," అన్నారు.

ఎస్సైగారు రాసుకుని వెళ్ళిపోయారు. వేరే జిల్లావాళ్ళని ఇద్దరిని పట్టుకున్నారనీ వదిలారనీ తర్వాత విన్నాం. నేను రోజూ ఆవిడకి కూర పట్టుకెళ్ళేదాన్ని. ఆవిడ తీసుకునేవారు. గిన్నె కడిగి ఇచ్చేవారు. వాతావరణం గురించి, పిల్లల బరువుల గురించి మాట్లాడుకునేవాళ్ళం. ఒక్కసారి అడిగినా బాగుండేది, ఒక్కసారి తిట్టినా బాగుండేది. వానాకాలమంతా అలాగే గడిచింది. కట్టు విప్పారు గానీ చెయ్యి తిరగడం లేదు. షెడ్డులో ఎవరో కొబ్బరికాయలు పోసుకున్నారు.

కార్తీకం నడుస్తుండగా మా వీధిలో ఒకతను గల్ఫు బయలుదేరాడు. తమ్ముడు శుక్రవారం ఫోను చేసి, వేసవిలో ఆవకాయ పంపలేదేం అక్కా, ఇతనితో పంపు అన్నాడు. ఈ ఏడాది పెట్టలేదన్నాను. ఎందుకు అన్నాడు. కాయ దొరకలేదన్నాను. అబద్ధాలు అప్పటికి చాలా తేలిగ్గా వస్తున్నాయి.

ముందురోజు సాయంత్రం ఆ ఇంట్లో కాటా దగ్గర అందరం పొట్లాలతో ఉన్నాం. నేను జంతికలు తెచ్చాను. అత్తయ్యగారు వచ్చారు. ఎడమ చంకలో అమ్మ జాడీ. వంటింట్లో ఉండటం వల్ల ఆ రోజు అదొక్కటీ మిగిలింది. ఇంకా వాడి కోసం ఏమైనా కలిపి తెచ్చారేమో అనుకున్నాను. నన్ను వాకిట్లోకి పిలిచి అరుగు మీద జాడీ పెట్టారు. ఖాళీ జాడీ. కడిగి, ఎండబెట్టి, లోపల పాతబట్టతో తుడిచి ఉంది.

"ఇంక నా చేత్తో అవదమ్మా. మీ అమ్మది, నీ దగ్గరే ఉంచు," అన్నారు.

నేను జాడీ మీద చెయ్యి వేశాను. ఆవిడ వెళ్ళిపోతారనుకున్నాను. వెళ్ళలేదు.

"ఒక ఫొటో తియ్యి. నన్నూ దీన్నీ కలిపి. కింద ఊరి పేరు పడుతుంది చూడు, ఆ ఫొటోయే తియ్యి. మీ తమ్ముడికి పంపించు. మూడేళ్ళు ఎవరి చేతిది తిన్నాడో నువ్వు చెప్పలేదు కదమ్మా. చెప్పుంటే ఏడాదికోసారైనా ఫోను చేసి నాతో మాట్లాడేవాడు."

ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే నేను తట్టుకునేదాన్ని. అరుగు మీద కూర్చుని, ఈసారి జుట్టు సర్దుకుని, జాడీ పక్కన ఆ తిరగని చెయ్యి కనపడేలా పెట్టారు. పెచ్చు ఊడిన వైపు నాకేసి తిప్పారు. నేను తీశాను. ఊరు, మండలం, తేదీ, టైము, మ్యాపు. మా ఇల్లు గ్రూపులో పెట్టి, కింద నా చేత్తో టైపు చేశాను. మూడేళ్ళూ నువ్వు తిన్న ఆవకాయ అత్తయ్యగారు కలిపింది. ఆ వీడియోలో చెయ్యి విరిగింది ఈవిడకే. నువ్వు పెట్టిన ఫొటో చూసే వచ్చారు వాళ్ళు. రాస్తుంటే చాలా నెలల తర్వాత నాకు చేతులు వణికాయి. వణికినందుకు కొంచెం ఊరట కలిగింది.

గ్రూపు పేరు కింద వాడి పేరు పడింది. రాస్తున్నట్టు కనపడింది, ఆగింది, మళ్ళీ రాస్తున్నట్టు కనపడింది. ఆవిడ అరుగు మీదే కూర్చుని ఎదురుచూస్తున్నారు. లోపల కాటా మీద ఎవరిదో పొట్లం వంద గ్రాములు ఎక్కువైందని మాట్లాడుకుంటున్నారు. జవాబు వచ్చింది. చదివాను.

"చూసేడా?" అన్నారు ఆవిడ.

"చూసేడండి."

"ఏమన్నాడు?"

ఇంకో అబద్ధం నాలుక మీద సిద్ధంగా ఉంది. ఏడుస్తున్నాడండి అంటే సరిపోయేది. అనలేకపోయాను. ఫోను ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, తెర కొంచెం దూరంగా పట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివారు.

"ఇది నీకు ఎవరు పంపేరు అక్కా? నీ ఫోను ఎవరి చేతిలోనో ఉన్నట్టుంది. ఇలాంటి ఫొటోలు వాళ్ళే తయారు చేస్తున్నారు. నమ్మకు."

ఆవిడ దాన్ని రెండోసారి చదవలేదు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. ఫోను నాకు తిరిగిచ్చారు.

"ఆయ్," అన్నారు. చెప్పులు వేసుకుని మెల్లగా ఇంటివైపు నడిచారు.